పట్టాలపై పనిబండ్లకు జంటశక్తి

పగటిపూట తిరుగు రైళ్లను అందరును చూతురు. రాత్రివేళ పట్టాలను సరిచేయుటకును, పైనున్న విద్యుత్తు తీగలను బాగుచేయుటకును తిరుగు పనిబండ్లను చూచువారు కొందరే. విద్యుత్తుతో రైళ్లు నడచు మార్గములపై సైతము ఈ పనిబండ్లలో పెక్కులు డీజిల్ నూనెతో నడచుట వింతగా తోచును గదా! దీనికి తగిన కారణము కలదు. మన దేశములో ఆ తీగలయందు సాధారణముగా 25,000 వోల్టుల విద్యుత్తు ఉండును. పనివారు దానిని ముట్టుటకు ముందు విద్యుత్తును నిలిపి, తీగను భూమితో కలుపుదురు. అప్పుడు తీగను నమ్ముకొన్న బండి కదలనేరదు. కావున తీగలను బాగుచేయు టవర్ వాగనునకు సొంత శక్తి యుండవలెను.

అయితే ఈ బండి పనిచోట చేరిన పిమ్మట చాలసేపు నిలిచియే యుండును. అప్పుడును దీపములకును, పనివారిని పైకెత్తు వేదికకును శక్తి కావలెను గాన ఇంజను తిరుగుచునే యుండును. సొరంగములో ఆ పొగ పనివారి ఊపిరితిత్తులలో చేరును. డీజిల్ పొగ క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ణయించెను. అంతియే కాదు, ఇంజను మోతలో తోటివాని హెచ్చరిక వినబడకపోవచ్చును.

దీనికి ఉపాయము జంటశక్తి, అనగా హైబ్రిడ్ పద్ధతి. పాతబండి చట్రమును ఉంచి, ఇంజనునకు జనరేటరును జతచేసి, బ్యాటరీలను, చక్రములను త్రిప్పు విద్యుత్ మోటారును అమర్చుట ఇందొక విధము. జపానులో 2007లో కోఉమి మార్గమున ఇట్టి పద్ధతితో ప్రయాణికుల బండ్లు నడువసాగెను. లండను భూగర్భ రైలుమార్గములలో 1930 దశకమునాడే బ్యాటరీ ఇంజనులు పనిబండ్లను లాగుచుండెను. పట్టాలలో విద్యుత్తు ఉన్నపుడు దానితోను, లేనపుడు బ్యాటరీతోను అవి నడిచెడివి.

బ్రేకు వేయునపుడు వ్యర్థమగు శక్తిని గూడ మోటారు కొంత తిరిగి రాబట్టగలదు. అది యెంత? 40 టన్నుల బండి గంటకు 36 కిలోమీటర్ల, అనగా సెకనునకు 10 మీటర్ల, వేగముతో పోవుచున్నదనుకొందము. దాని చలనశక్తి ½ × 40,000 × 10 × 10 = 20,00,000 జౌళ్లు. అందు సగము దక్కినచో, 100 వాట్ల దీపములు పది 1,000 సెకనులు, అనగా సుమారు 17 నిమిషములు, వెలుగును. పని గంటలకొలది సాగును గాన, ఇది స్వల్పమే. పనిబండికి అసలు లాభము బ్రేకు వలన గాక, నిలిచినచోట ఇంజనును ఆపివేయుట వలన కలుగుచున్నదని విద్యార్థులు గ్రహింపవలెను.

ఇందు జాగ్రత్తలును కలవు. బ్యాటరీల బరువు ఇరుసులు మోయదగిన మేరకు మించరాదు. వాని వేడిని అదుపులో నుంచవలెను. బ్యాటరీ ఉడిగి బండి దారిలో నిలిచిపోయినచో ఉదయపు తొలి రైలునకు దారియుండదు. అందుచే ఇంజనును పూర్తిగా తీసివేయక, తోడుగా నుంచుటయే ఇట్టి బండ్లకు క్షేమము. అది దూరపు ప్రయాణమునకు పనికివచ్చును; మనుష్యులు పనిచేయుచోట మౌనము వహించును.