నోరు తెరిస్తేనే ఇంగ్లీషు



ఈ హాస్టల్ అన్నం తిని, స్టడీ అవర్లలో చదివి, మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా అందుకున్నవాళ్లం మేము. పీజీ క్లాసుల్లోనూ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లోనూ ఒక సంగతి పదేపదే చూశాం. జవాబు తెలిసిన హాస్టల్ పిల్లలు తల వంచుకుని కూర్చుంటారు. సగం తెలిసినవాళ్లు లేచి ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడి మార్కులూ ఉద్యోగాలూ తీసుకుపోతారు. మనవాడి చదువు మనవాడి గొంతులోనే ఉండిపోతుంది. ఆ నష్టం ఒక్కడిది కాదు. వాడి జీతం కోసం ఎదురుచూసే ఇంటిల్లిపాదిదీ.

మనం పరీక్ష కోసం ఇంగ్లీషును కళ్లతో చదివాం, చేత్తో రాశాం. నోటితో పలికింది చాలా తక్కువ. గట్టు మీద కూర్చుని ఎంత చూసినా ఈత రాదు కదా! కాబట్టి పని మొదలుపెట్టాల్సింది నోటి దగ్గరే.

1. వాక్యం ఎక్కడ తడబడుతుంది?

తెలుగులో క్రియ చివర వస్తుంది. 'నేను రేపు మా ఊరికి వెళ్తాను' అంటాం. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ రావాలి. తెలుగు వాక్యాన్ని మనసులో పూర్తిగా కట్టుకుని ఒక్కో మాటా మార్చబోతే 'ఐ టుమారో...' అని ఆగిపోతాం. అందుకే ముందు 'ఎవరు, ఏం చేస్తారు' అన్నది చెప్పేయండి: 'ఐ విల్ గో'. తర్వాత 'టు మై విలేజ్', ఆపైన 'టుమారో' చేర్చండి. రోజూ పది వాక్యాలు ఇలా ముక్కలుగా పైకి అనండి. కొద్ది వారాల్లోనే తేడా మీకే తెలుస్తుంది.

మనలో ఎక్కువగా వినిపించే మూడు మాటలు కూడా సరిచేసుకుందాం. 'మైసెల్ఫ్ ఫలానా' అనకుండా 'ఐ యామ్ ఫలానా' అనండి. 'ఐ యామ్ హావింగ్ టూ సిస్టర్స్' బదులు 'ఐ హావ్ టూ సిస్టర్స్' అనండి. 'డిడ్ యు వెంట్' కాదు, 'డిడ్ యు గో'.

2. శబ్దాలు

తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ అలవాటుతో ఇంగ్లీషు మాటలకూ చివర 'ఉ' తగిలిస్తాం. బస్సు, బుక్కు, వర్కు అంటాం. తెలుగులో మాట్లాడేటప్పుడు అందులో తప్పేమీ లేదు. ఇంగ్లీషులో మాత్రం బస్, బుక్, వర్క్ అని చివర తుంచేయాలి.

తెలుగులో ఒక్క 'వ' ఉంది. ఇంగ్లీషులో రెండున్నాయి. 'వెట్' అంటే తడి, ఇంకో 'వెట్' అంటే పశువుల డాక్టరు. తడికి పళ్లు తగలకుండా పెదవులు గుండ్రంగా చుట్టాలి. డాక్టరుకు పై పళ్లు కింది పెదవిని తాకాలి.

ధరకు 'ప్రైస్', బహుమతికి 'ప్రైజ్' అంటారు. ఈ రెండో మాట చివరి శబ్దం మన 'జ' కాదు. 'స్...' అని సాగదీస్తూనే గొంతు పలికించండి. తేనెటీగ రొదలాంటి శబ్దం వస్తుంది. గొంతు మీద వేలు పెడితే అదురు తెలుస్తుంది.

మనం ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషు మాటలో ఒక భాగాన్ని ఒత్తి పలకాలి. 'ఫోటోగ్రాఫ్'లో ఒత్తిడి మొదటి భాగం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండో భాగం మీద ఉంటుంది.

3. హాస్టల్లోనే అభ్యాసం

దీనికి వేల రూపాయల కోచింగ్ అక్కర్లేదు. నలుగురు జట్టుగా చేరండి. భాషా బోధకులు 4-3-2 అని పిలిచే పద్ధతి ఒకటుంది. ఒక విషయం తీసుకుని ఒకరికి 4 నిమిషాలు చెప్పాలి. అదే విషయాన్ని ఇంకొకరికి 3 నిమిషాల్లో, మూడో మనిషికి 2 నిమిషాల్లో చెప్పాలి. విషయం మారదు కనుక ప్రతిసారీ మాటలు ముందుకంటే త్వరగా అందుతాయి. విషయం పెద్దదే కానక్కర్లేదు. వరినాట్లు, కబడ్డీ మ్యాచ్, ఆదివారం మెస్‌లో కూర, ఏదైనా చాలు.

జట్టుకు మూడు నియమాలు పెట్టుకోండి. మాట్లాడేవాడిని మధ్యలో ఆపకూడదు. అయిపోయాక రెండు తప్పులకు మించి చెప్పకూడదు. నవ్వినవాళ్లు లేచి అదే విషయం మీద రెండు నిమిషాలు మాట్లాడాలి!

మాట గుర్తురాకపోతే ఆగిపోకండి, వివరించండి. కొడవలిని ఇంగ్లీషులో ఏమంటారో తెలియదా? 'ది థింగ్ వుయ్ యూజ్ టు కట్ పాడీ' అనండి. ప్రశ్న అర్థం కాకపోతే 'కుడ్ యు ప్లీజ్ రిపీట్ ది క్వశ్చన్?' అని అడగండి. ఆలోచించడానికి 'లెట్ మీ థింక్' అనండి. ఫోన్ దొరికితే రోజూ ఒక నిమిషం మీ మాట రికార్డు చేసి వినండి. వారం తర్వాత పాతదీ కొత్తదీ పక్కపక్కన వినండి.

4. భయం సంగతి

'వయసు మించిపోయింది, ఇప్పుడేం వస్తుంది' అనేవాళ్లున్నారు. సి.పి.బ్రౌన్ దొర 1817లో మద్రాసు వచ్చాక తెలుగు నేర్చుకుని, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించారు. ఇంగ్లీషు మాతృభాష అయిన ఆయనకు తెలుగు వచ్చినప్పుడు మనకు ఇంగ్లీషు ఎందుకు రాదు?

మన అంబేద్కర్ గారి మాతృభాష మరాఠీ. 1913లో చదువుకోసం అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చేసిన చివరి పెద్ద ప్రసంగం ఇంగ్లీషులోనే సాగింది. ఊరి బడిలో విడిగా కూర్చోబెట్టిన పిల్లవాడి మాటను దేశం నిశ్శబ్దంగా కూర్చుని వింది.

ఇంగ్లీషు నేర్చుకుంటే తెలుగు పోదు. అమ్మతో అమ్మ భాషలోనే మాట్లాడదాం. ఇంటర్వ్యూ గదిలో మాత్రం మనకు తెలిసిన జవాబు మన నోటితోనే వినిపిద్దాం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ రాత్రి స్టడీ అవర్ అయ్యాక పక్క మంచం మీది స్నేహితుల్ని లేపండి, 4 నిమిషాలు మొదలుపెట్టండి. వచ్చే వార్షికోత్సవ వేదిక మీద మీలో ఒకరు ఇంగ్లీషులో స్వాగతం పలుకుతుంటే, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి మేమంతా వస్తాం.