పాస్‌వర్డు ఇవాళే మార్చు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకి,

నిన్న మీ అమ్మ కళ్లనీళ్లతో వచ్చింది. నువ్వు చదువు మానేశావని పెళ్లిలో ఎవరో అన్నారట. అమెరికాలో మీ యూనివర్సిటీకే ఫోను చేస్తే, రిజిస్ట్రార్ ఆఫీసు వాళ్లు మర్యాదగా మాట్లాడారు గానీ ఒక్క ముక్క చెప్పలేదట. "ఫీజు కట్టేది మేమైతే మాకు చెప్పరా?" అని దాని బాధ.

చెప్పకపోవడమే న్యాయం తల్లీ. అక్కడ 1974లో సెనేటర్ జేమ్స్ బక్లీ చొరవతో ఫెర్పా అనే చట్టం వచ్చింది. పిల్లలకి పద్దెనిమిదేళ్లు నిండినా, ఆలోపే కాలేజీలో చేరినా, చదువు రికార్డుల మీద హక్కు కన్నవాళ్ల నుంచి పిల్లలకే వస్తుంది. ఫీజు ఎవరు కట్టినా సరే. పిల్లలు తమ మీదే ఆధారపడ్డారని అక్కడి టాక్సు లెక్కల్లో చూపించిన వాళ్లకి యూనివర్సిటీ చెప్పొచ్చు, ప్రాణాపాయమైతే చెప్పొచ్చు. అక్కడ టాక్సు కట్టని మీ నాన్నకి మొదటి దారి లేదు.

ఆ గుట్టు లేని తాతయ్య రోజుల్లో ఎస్సెల్సీ ఫలితాలు పేపర్లో పడేవి. పేర్లుండవు, నంబర్లే. అయితేనేం, ఎవరి నంబరేదో ఊరందరికీ తెలుసు. కిళ్లీకొట్టు దగ్గర ఒకరు పైకి చదువుతుంటే, నంబరు లేని కుర్రాడు అక్కడే నిలబడి వినాలి. తాతయ్య స్నేహితుడొకడు ఆ రాత్రి కాలవగట్టున మోకాళ్లలో తల పెట్టుకుని దొరికాడు. సెప్టెంబరులో మళ్లీ రాసి పాసయ్యాడు. ఊరు మాత్రం మొదటి సంగతే చెప్పుకుంది.

ఇక అసలు సంగతి, నీ యూనివర్సిటీ పోర్టల్ పాస్‌వర్డు. అడ్మిషన్ నాడు కన్సల్టెన్సీకి ఇచ్చావు, రూమ్మేట్లకీ తెలుసన్నావు. గుండె జారిపోయింది. ఫెర్పా కట్టడి చేసేది యూనివర్సిటీని, రూమ్మేట్లని కాదు. మార్కులూ ఫీజు బాకీలూ ఆ పోర్టల్లోనే. క్లాసు డ్రాప్ చేసే బటనూ అక్కడే! ఎవరైనా అది నొక్కితే నీ ఎఫ్-1 వీసాకే ముప్పు. నువ్వు చదువుతున్నావో లేదో సెవిస్ అనే విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ ద్వారా ప్రభుత్వానికి చేరుతుంది, దానికి ఫెర్పా అడ్డురాదు.

యూనివర్సిటీ వల్లే గుట్టు బయటపడినా, ఆ చట్టం పేరు చెప్పి విద్యార్థి దావా వేయడం కుదరదని 2002లో గొంజాగా యూనివర్సిటీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 180 రోజుల్లోగా విద్యాశాఖకి ఫిర్యాదు చేసుకోవాలి, అంతే. అడ్రసు, ఫోను నంబరులాంటివి డైరెక్టరీ సమాచారమని నిన్నడగకుండానే ఇవ్వొచ్చు. వద్దని రాసిస్తే ఆపుతారు. రాసివ్వు.

అమ్మకి మార్కులు నువ్వే చెప్పు. లేదా ఏ రికార్డు, ఎందుకు, ఎవరికి చూపించాలో రాసి, తేదీ వేసి సంతకం పెట్టివ్వు. పాస్‌వర్డు మాత్రం అమ్మకి కూడా ఇవ్వకు. ఇవాళే మార్చు.

ఆశీస్సులతో,
తాతయ్య