మన్మథుణ్ణి కాల్చిన స్వామి పెళ్లి ఎందుకు చేసుకున్నాడు?

 

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద వెళ్తుంటే నార్కట్‌పల్లి వస్తుంది కదా. అక్కడ నల్గొండ రోడ్డుకు తిరిగితే కొంచెం దూరంలోనే చెరువుగట్టు. గుట్ట మీద పార్వతీ జడల రామలింగేశ్వర స్వామి. పరశురాముడు ప్రతిష్ఠించిన లింగమని ఇక్కడివాళ్ల నమ్మకం. అమావాస్య వచ్చిందంటే గుట్ట నిండా జనమే. మాఘమాసంలో బ్రహ్మోత్సవాలు, స్వామివారి కల్యాణం, అగ్నిగుండాలు. ఆ కల్యాణం చూసి అక్షింతలు తెచ్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. ఆ పెళ్లి కథను మన పెళ్లిళ్ల పక్కన పెట్టి చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

"ఆకర్షణ పాపమా? పెళ్లికి ముందు హద్దు ఎందుకు? ఇద్దరికీ ఇష్టమైతే చాలదా?" పైకి అడగకపోయినా ఈ ప్రశ్నలు అందరి ఇళ్లలోనూ ఉన్నాయి. క్రైస్తవ కుటుంబాల పిల్లలు కూడా వాళ్ల పాస్టర్లను ఇవే అడుగుతున్నారు. మన కథ ఏమంటుందో చూద్దాం.

శివపార్వతులను కలపాలని దేవతలు మన్మథుణ్ణి పంపారు. వసంతం వచ్చింది, ఎదురుగా పార్వతి ఉంది, బాణం ఎక్కుపెట్టాడు. స్వామి మనసు కాస్త చలించింది కూడా. వెంటనే మూడో కన్ను తెరిచాడు. మన్మథుడు బూడిద! చాలామంది కథను ఇక్కడే ఆపేసి, "చూశారా, కామం చెడ్డది" అనేస్తారు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు, ఎందుకంటే కథ ఇంకా చాలా ఉంది.

అందంతో కాని పని తపస్సుతో సాధిస్తానని పార్వతి అడవికి వెళ్లింది. స్వామి బ్రహ్మచారి వేషంలో వచ్చి తనను తానే తిట్టుకున్నాడు. ఇల్లు లేదు, వాకిలి లేదు, శ్మశానంలో తిరుగుతాడు, ఒంటి నిండా పాములు, ఎందుకమ్మా నీకు వాడు అన్నాడు. ఆమె మనసు మారలేదు. ఆ తర్వాతే సప్తర్షులు హిమవంతుడి ఇంటికి సంబంధం అడగడానికి వెళ్లారు. ఆమె ఇష్టం లేకుండా ఈ కథ ఒక్క అడుగు కూడా ముందుకు పోలేదు, గమనించండి.

పెళ్లయింది. అప్పుడు దేవతలు అడిగితే మన్మథుణ్ణి మళ్లీ రానిచ్చాడు స్వామి. కాళిదాసు కుమారసంభవంలో ఈ ఘట్టం పెళ్లి అవ్వగానే వస్తుంది. తెలుగులో చదవాలంటే పార్వతీ కల్యాణం శ్రీనాథుడి హరవిలాసంలో ఉంది. మాట ఇవ్వకముందు వద్దన్నవాడినే, మాట ఇచ్చాక ఇంట్లోకి రానిచ్చాడన్నమాట.

ఆ మాట మన పెళ్లి మంత్రాల్లోనూ ఉంది. వరుడు "నాతిచరామి" అంటాడు. ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటి నడవను అని. ఎంత పెద్ద ప్రమాణం! మనవాళ్లేమో ఫోటోగ్రాఫర్ వైపు చూస్తూ అనేస్తారు. చర్చి పెళ్లిలో వధూవరులిద్దరూ తమకు తెలిసిన భాషలో నోరు విప్పి చెప్తారు. అది మనం నేర్చుకోవాల్సిన విషయమే. మీ పెళ్లిలో పంతులుగారిని తెలుగులో అర్థం చెప్పమని అడగండి, ఆయన సంతోషంగా చెప్తారు. అమ్మాయి కూడా అదే మాట తిరిగి చెప్తే ఇంకా బాగుంటుంది.

2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు 497వ సెక్షన్‌ను కొట్టేసింది. వ్యభిచారం ఇప్పుడు విడాకులకు కారణమే కానీ నేరం కాదు. పోలీసుల భయం పోయింది. ఇక ఆపాల్సింది ఆ ఇచ్చిన మాటే.

హద్దులు యువతకేనా? పెద్దలకు లేవా? అదే 2018 సెప్టెంబర్‌లో, ఇదే నల్గొండ జిల్లా మిర్యాలగూడలో, కులం కాని పెళ్లి చేసుకున్నాడని ఒక యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ల ముందే నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మరికొందరికి యావజ్జీవ శిక్ష వేసింది. వాళ్లు పారిపోయి చేసిన తప్పేమీ లేదు, పెళ్లే చేసుకున్నారు.

దక్షుడు గుర్తొస్తాడు నాకు. కూతురు కోరుకున్న అల్లుడు తన స్థాయికి తగడని యజ్ఞానికి పిలవలేదు. సతీదేవి ఆ యజ్ఞశాలలోనే ప్రాణం వదిలింది. అదే అల్లుడికి హిమవంతుడు కాళ్లు కడిగాడు.

ఈసారి మాఘంలో గట్టుకు వెళ్తే కల్యాణంలో అమ్మవారి తరఫున కూర్చున్నవాళ్లను కూడా ఒకసారి చూడండి, వాళ్లది హిమవంతుడి స్థానం. సప్తపది గురించి వచ్చే వీడియోలో మాట్లాడుకుందాం.

హర హర మహాదేవ!