మిత్రుని చిత్రము

ఛాయాచిత్రము తీయుట ఒకప్పుడు కొందరికే సాధ్యమగు విద్య. బరువైన పెట్టె, దానిని నిలుపుటకు ముక్కాలి, గాజు పలకలు, చీకటిగది, మందునీళ్ళు, ఇన్ని సమకూడినగాని ఒక్క చిత్రము చేతికి వచ్చెడిది కాదు. నేటి కాలమట్టిది కాదు. పెక్కు ఇండ్లలో సెల్‌ఫోను కలదు. అందులోనే కెమెరా కలదు. తిరునాళ్ళకు పోయినను, పొలము గట్టున కూర్చున్నను, ఇంట పసిపాప తొలి అడుగు వేసినను చిత్రము తీయక మానము. తీసిన వెంటనే ప్రక్కనున్న మిత్రునకు చూపి, "ఎట్లున్నది?" అని అడుగుదుము.

ఈ చిన్న ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభమని తోచును. "చాల బాగున్నది" అని కొందరు తప్పించుకొందురు. "ఇదియు ఒక చిత్రమేనా?" అని మరికొందరు ఎగతాళి చేయుదురు. మొదటి మాట తీయన, రెండవ మాట చేదు. కాని రెండింటను సారము లేదు. పొగడ్త విన్నవాడు ఉన్నచోటనే నిలిచిపోవును. ఎగతాళికి గురియైనవాడు మరల కెమెరా ముట్టుటకే జంకును. ఇరువురకును చిత్రములో ఏమి కుదిరినదో, ఏమి కుదరలేదో తెలియనే తెలియదు.

ఈ రెండును గాక మూడవ త్రోవ ఒకటి కలదు. ఉన్న గుణమును ఉన్నట్లు, ఉన్న దోషమును ఉన్నట్లు, వినువాని మేలు కోరి చెప్పుటయే ఆ త్రోవ. దానినే సద్విమర్శ యందురు. అట్టి విమర్శ ఒక యువకుని కళను ఎట్లు మార్చెనో వినుడు.

పాల్ స్ట్రాండు 1890లో అమెరికా దేశమందలి న్యూయార్కు నగరమున జన్మించెను. అతడు చదివిన పాఠశాలలో లూయిస్ హైను ఒక ఉపాధ్యాయుడు. గనులలోను, మిల్లులలోను కాయకష్టము చేయు పసిపిల్లల చిత్రములు తీసి, వారి దుస్థితిని దేశమునకు తరువాతి కాలమున ఎరుకపరచిన మహనీయుడు ఆయనయే. 1907లో ఆయన తన విద్యార్థులను వెంటబెట్టుకొని, ఆ నగరమున ఐదవ అవెన్యూ అను వీథిలో 291వ నంబరు గల ఇంటికి పోయెను. అచ్చట ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జు నడుపుచుండిన చిన్న చిత్రప్రదర్శనశాల ఉండెను. ఛాయాచిత్రమును చిత్రలేఖనము వలెనే ఒక లలితకళగా లోకము అంగీకరింపవలెనని స్టీగ్లిట్జు పట్టుదల. అందులకై ఆయన "కెమెరా వర్క్" అను పత్రికను 1903 మొదలు 1917 వరకు ప్రకటించెను.

ఆ శాలలోని చిత్రములను చూచిన నాడే స్ట్రాండు తానును ఛాయాచిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనెను. బడి చదువు ముగిసిన పిదప కూడ చిత్రములు తీయుచు, అప్పుడప్పుడు వానిని స్టీగ్లిట్జునకు చూపి అభిప్రాయము అడుగుచుండెడివాడు. ఆ దినములలో అంచులను మెత్తబరచి, చిత్రమంతయు పలుచని మంచుతెర కప్పినట్లు చూపించు కటకములను వాడుట పలువురికి అలవాటు. ఛాయాచిత్రము వర్ణచిత్రమును పోలియుండవలెనని వారి కోరిక. స్ట్రాండును ఆ మార్గమునే అనుసరించెను.

స్టీగ్లిట్జు ఆ చిత్రములను శ్రద్ధగా పరిశీలించి, అందలి లోపమును దాచక చెప్పెను. ఆ మెత్తని కటకము మూలమున వస్తువుల సహజ స్వభావము మాసిపోవుచున్నదనియు, గడ్డి నీటివలె కనబడుచున్నదనియు, నీరు చూడగా చెట్టుబెరడుకును దానికిని భేదమే తోచకున్నదనియు ఆయన విమర్శ.

యువకుడు నొచ్చుకొని ఆ గడప త్రొక్కుట మానలేదు. ఇంటికి పోయి తన చిత్రములను మరల చూచుకొనెను; తన పద్ధతిని మార్చుకొనెను. 1915లో అతడు క్రొత్త చిత్రములతో మరల వచ్చెను. ఆ యేట తీసిన వాల్ స్ట్రీటు చిత్రము నేటికిని ప్రసిద్ధము. ఒక బ్యాంకు భవనపు పెనుగోడ, అందు నల్లని అగాధముల వంటి గవాక్షములు, వాని క్రింద పొడవైన నీడలను ఈడ్చుకొనుచు పోవు చిన్న చిన్న మనుష్యులు: ఇంతే అందున్నది. కాని మహానగరమున మానవుడెంత అల్పుడై కనబడునో ఆ చిత్రము చెప్పక చెప్పును.

నాడు తప్పు చూపిన స్టీగ్లిట్జు నేడు మనసార మెచ్చుకొనెను. 1916లో తన శాలయందే స్ట్రాండు చిత్రములను ప్రదర్శించెను. 1917లో వెలువడిన "కెమెరా వర్క్" కడపటి సంచికలో స్ట్రాండు చిత్రములు పదునొకండు ముద్రించెను. స్ట్రాండు ముసలితనమున గూడ నాటి విమర్శను కృతజ్ఞతతో తలచుకొనుచుండెడివాడు.

ఆ విమర్శ అంతగా ఫలించుటకు కారణమేమి? స్టీగ్లిట్జు "నీకు చేతకాదు" అనలేదు. ఆయన మాట చిత్రమును గూర్చినది, మనిషిని గూర్చినది కాదు. "ఏదో వెలితిగా నున్నది" అని ఊరకుండక, వెలితి గడ్డిలో నున్నదో, నీటిలో నున్నదో వ్రేలు పెట్టి చూపినట్లు చెప్పెను. దానికి మూలము కటకమని కారణమును గూడ తెలిపెను. మంచి చిత్రము వచ్చిన నాడు మెచ్చుటకు వెనుదీయలేదు. మెచ్చవలసినచోట మెచ్చువాని మాటకే తప్పు చూపునప్పుడు విలువ యుండును.

ఇక మన సంగతి చూతము. మీ మిత్రుడొకడు తన అవ్వ చిత్రమును తీసి మీకు చూపినాడనుకొనుడు. అవ్వ వాకిట అరుగుపై కూర్చుండి చేటలో బియ్యము ఏరుచున్నది. ఆమె తలవెనుక నున్న కరెంటు స్తంభము నెత్తిపైనుండి మొలచినట్లు కనబడుచున్నది. మిట్టమధ్యాహ్నపు ఎండ వలన కనుబొమల నీడ కన్నులను కప్పివేసినది. చేతులు మసకగా నున్నవి. మీరేమి చెప్పుదురు?

మొదట ఏమియు చెప్పకుడు. కొంతసేపు చిత్రమును చూడుడు. పిదప, "నీవు ఇందులో ఏమి చూపదలచితివి?" అని అడుగుడు. "అవ్వ వ్రేళ్ళ నేర్పు చూపదలచితిని" అని అతడనవచ్చును. అప్పుడుగాని మీ విమర్శకు ఆధారము దొరకదు. అతడు చూపదలచినది వ్రేళ్ళ నేర్పుగదా! అందుచేత చేతుల మసకయే ముఖ్యమైన లోపము, స్తంభము తరువాతిది.

పిమ్మట కుదిరినదానిని చెప్పుడు. "అవ్వ కెమెరా వైపు చూడక తన పనిలో లీనమై యున్నది. అందుచేత చిత్రము సహజముగా నున్నది" అనుట ముఖస్తుతి కాదు. ఏ పని చక్కగా చేసినాడో తెలిసినగాని ఎవడును దానిని మరల చేయజాలడు.

అటుపైని లోపమును, దాని కారణమును, తీరు మార్గమును కలిపి చెప్పుడు. చేతులు మసకబారుటకు షట్టరు తెరచియుండిన కాలము కారణము కావచ్చును. సెకనులో పదునైదవ వంతు కాలము తెరచియున్నచో కదలు చేయి చెదరి పడును. రెండు వందల ఏబదవ వంతున మూసికొన్నచో చాల వరకు నిలిచినట్లు పడును. స్తంభమును తొలగింప బనిలేదు. తీయువాడు రెండడుగులు ప్రక్కకు జరిగిన చాలును. మధ్యాహ్నపు ఎండకు మారుగా ఉదయపు ఏటవాలు వెలుగున తీసినచో కన్నులు కనబడును, ముఖమందలి ముడుతలును తేటపడును. ఒక్కసారి పది దోషములు ఏకరువు పెట్టకుడు. ముఖ్యమైనవి ఒకటి రెండు చాలును. మిగిలినవి మరల తీసిన చిత్రమును చూచి చెప్పవచ్చును.

మరియొక హెచ్చరిక. దోషము వేరు, అభిరుచి వేరు. చెరువునీరు ఒక ప్రక్కకు ఒరిగినట్లు పడినచో, అట్లు చూపవలెనని తీసినవాడు కోరనిచో, అది దోషము. "నాకు రంగుల చిత్రముకంటె నలుపు తెలుపుల చిత్రమే ఇష్టము" అనుట అభిరుచి. అభిరుచిని అభిరుచిగానే చెప్పవలెను గాని తీర్పుగా చెప్పరాదు. మిత్రుని చిత్రమును మన చిత్రముగా మార్చుట సద్విమర్శ కాదు. దోషమును పదిమందిలో చెప్పుటకంటె ఒంటిగా చెప్పుట మేలు.

విమర్శ వినుట కూడ ఒక విద్యయే. తప్పు చూపినంతనే "ఎండ అట్లున్నది, కెమెరా మంచిది కాదు" అని వాదమునకు దిగువాడు నేర్చుకొనునది ఏమియు లేదు. అట్లని విన్న ప్రతి మాటను తలదాల్చ నక్కరలేదు. శాంతముగా విని, చిత్రమును మరల చూచుకొని, నిజమని తోచినదానిని గ్రహింపవలెను.

బాలలారా! ఈ నీతి ఛాయాచిత్రములకు మాత్రమే పరిమితము కాదు. మిత్రుడు వ్యాసము వ్రాసి చూపును. చెల్లెలు ముగ్గు వేసి పిలుచును. తమ్ముడు పాట పాడి మీ ముఖము వంక చూచును. అప్పుడు మీ మాటకొరకు ఒక మనసు ఎదురుచూచుచున్నదని మరువకుడు. తాను తీసిన చిత్రమును ఒకడు మీ చేతికిచ్చుట మీయందలి నమ్మకమును గూడ ఇచ్చుటయే. నిజము చెప్పి ఆ నమ్మకమును నిలుపుకొనుడు. ఆదరముతో చెప్పి మిత్రుని నిలుపుకొనుడు.

ప్రశ్నలు

1. పొగడ్త, ఎగతాళి, ఈ రెండును చిత్రకారునకు ఏల ఉపకరింపవు?
2. స్ట్రాండు చిత్రములలో స్టీగ్లిట్జు చూపిన లోపమెట్టిది? దాని ఫలితమేమి?
3. దోషమునకును అభిరుచికిని గల భేదమును మీ సొంత ఉదాహరణముతో వివరింపుడు.
4. మీ మిత్రుడు తీసిన చిత్రము నొకదానిని చూచి, పాఠములో చెప్పిన క్రమమున మీ అభిప్రాయమును పది వాక్యములలో వ్రాయుడు.