కోకో పొడి – పోషక విలువ

ఒక ఆహారపదార్థములో ఏమున్నదో తెలిసికొనుట ఎంత ముఖ్యమో, దానిని మనమెంత తీసికొనుచున్నామో గమనించుట కూడ అంతే ముఖ్యము. ఇందుకు కోకో పొడి మంచి ఉదాహరణము.

గోదావరి జిల్లాల కొబ్బరి తోటలలో కోకో అంతరపంటగా పండుచున్నది. దాని గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి నూరిన పిమ్మట క్రొవ్వును చాలవరకు పిండివేయగా మిగిలిన పిప్పిని పొడి చేసిన కోకో పొడి యగును. ఈ విధముగా క్రొవ్వును పిండు పద్ధతికి 1828లో హాలెండునందు వాన్ హౌటెన్ పేటెంటు పొందెను.

చక్కెర కలపని 100 గ్రాముల పొడిలో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు, 33 గ్రాముల పీచు, 500 మిల్లీగ్రాముల మెగ్నీషియము, 14 మిల్లీగ్రాముల ఇనుము కలవు. అంకెలు ఘనమైనవే. కాని కప్పు పాలలో మనము కలుపునది పెద్ద చెంచాడు, అనగా సుమారు 5 గ్రాములు మాత్రమే. అందు లభించు మాంసకృత్తులు 1 గ్రాము; ఇనుము 0.7 మిల్లీగ్రాము. పైగా కోకోలోని పాలీఫినాలులు శరీరము ఇనుమును గ్రహించుటను కొంత అడ్డగించును. కనుక రక్తహీనత గల విద్యార్థినులు ఆకుకూరలను, పప్పును, మాంసమును విడిచి కోకోను నమ్ముకొనుట తగదు.

బజారులో లభించు తీపి పానీయపు పొడులు కోకో పొడితో సమానము కావు. వానిలో చాలవాటియందు చక్కెర భాగమే హెచ్చు. డబ్బాపై వ్రాసినది చదివి కొనుట చదువుకొన్న వారి కనీస ధర్మము.