విశాఖలో ఉద్యోగానికి వెళ్తున్న మనవరాలికి

కోవిల్‌పట్టి, తమిళనాడు



విశాఖపట్నంలో రసాయన కర్మాగారాలకు డిజైన్లు గీసే ఆఫీసులో నీకు ఉద్యోగం వచ్చిందన్న కబురు విని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. కెమికల్ ఇంజనీరింగ్ చదివిన పిల్ల ఈ ఊళ్లో పుట్టడం ఒక విధంగా అదృష్టమే. కర్మాగారాన్ని పుట్టుకలోనే ప్రమాదం లేకుండా ఎలా తీర్చిదిద్దాలో చెప్పే వస్తువు ఇక్కడ వీధివీధినా తయారవుతుంది. అదే అగ్గిపెట్టె.

ఒక పెట్టె తీసి చూడు. పక్కన పూసిన ముదురు గోధుమరంగు పట్టీలో ఎర్ర భాస్వరం ఉంటుంది. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం, జిగురు, గాజుపొడి ఉంటాయి. ఎర్ర భాస్వరాన్నీ క్లోరేట్‌నూ పొడిగా ఒకే గిన్నెలో కలిపితే, కాస్త రాపిడి తగిలినా చేతిలోనే పేలుతుంది. వాటినే పుల్ల మీద ఒకటి, పట్టీ మీద ఒకటి విడదీసి పెట్టడంతో పొయ్యి పక్కన ఉంచుకోగలుగుతున్నారు జనం. గీసిన క్షణంలో, గీసినంత మేర మాత్రమే, రవ్వంత భాస్వరం క్లోరేట్‌ను తాకుతుంది. అక్కడ కాపలా ఉన్నది ఏ మనిషి జాగ్రత్తో కాదు, ఆ అమరికే.

ఈ అమరిక తేలిగ్గా రాలేదు. 19వ శతాబ్దంలో అగ్గిపుల్లలకు తెల్ల భాస్వరం వాడేవారు. ఎక్కడ గీసినా అంటుకునేవి. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు దవడ ఎముక కుళ్లిపోయేది. స్వీడన్ శాస్త్రవేత్త గుస్టాఫ్ ఎరిక్ పాష్ 1844లోనే భాస్వరాన్ని తల మీద నుంచి తీసేసి, ఎర్ర రూపంలో పెట్టె పక్కకు మార్చే దారి చూపించాడు. అయినా ఖర్చు ఎక్కువని, ఎక్కడంటే అక్కడ గీసుకునే వీలు పోతుందని యూరప్‌లో చాలామంది యజమానులు పాతదాన్నే పట్టుకుని కూర్చున్నారు. చివరికి 1906లో బెర్న్ ఒప్పందం, మన దేశంలో 1913 చట్టం తెల్ల భాస్వరం అగ్గిపుల్లలను నిషేధించాయి. శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి ఈ పని నేర్చుకొచ్చి 1923లో ఈ ప్రాంతంలో మొదలుపెట్టే నాటికి ఆ విషం చట్టం దృష్టిలో ముగిసిన కథ. ముక్కుకు గుడ్డ కట్టుకోమని ఎన్ని బోర్డులు పెట్టినా జరగని మేలు, సరుకు మార్చడంతో జరిగింది.

మన ఊరిది నల్లరేగడి నేల, తక్కువ వాన, మండే ఎండ. సాగుకు అచ్చిరాని ఈ వాతావరణమే పుల్లలు ఆరడానికి అచ్చొచ్చింది. ఇందులోనూ ఒక సంగతి ఉంది. పుల్లల తలమందును ముద్దగా, నీళ్లూ జిగురూ పోసి కలుపుతారు. తడిగా ఉన్నంతసేపూ అది సాధువే. ఆరాక మిగిలేది పుల్లకొక చిన్న బొట్టు.

ఇక్కడి నుంచి విరుదునగర్ జిల్లాలోని సాత్తూరు, శివకాశి వైపు వెళ్తే కథ మారుతుంది. టపాసుల్లో పేలుడు మందును పొడిగానే కలపాలి. పొటాషియం నైట్రేట్, అల్యూమినియం పొడి, గంధకం ఒకే చోట చేరతాయి. అగ్గిపెట్టెలో లాగా విడదీసే వీలు ఇక్కడ లేదు. అందుకే నిబంధనలు మిగిలిన దారి పట్టాయి: గదిలో నలుగురికి మించకూడదు, సరుకు పరిమితి దాటకూడదు, గదికీ గదికీ మధ్య ఖాళీ ఉండాలి. క్లోరేట్‌తో గంధకం కలిపి టపాసులు చేయడాన్ని 1992లో కేంద్రం నిషేధించింది. ఇవన్నీ మంచి ఆలోచనలే. అయితే దీపావళి ఆర్డర్ల ఒత్తిడిలో గదిలో మనుషులు పెరుగుతారు, చెట్టు కింద కూడా పని సాగుతుంది. 2012 సెప్టెంబర్ 5న శివకాశి దగ్గర ముదలిపట్టిలో దాదాపు 40 మంది పోయారు. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు దగ్గర అచ్చన్‌కుళంలో 20 మందికి పైగా పోయారు. ప్రతిసారీ మందు కలిపేటప్పుడు రాపిడి జరిగిందనో, కార్మికుడి అజాగ్రత్త అనో మాట వస్తుంది. ఒక్క రాపిడి ఇంతమందిని మింగేంత సరుకు, అంతమంది మనుషులు ఒకచోట ఎందుకు ఉన్నారన్నదే అడగాల్సిన ప్రశ్న. రోజుకూలీ మీద తప్పు మోపడం అన్యాయం అమ్మా.

ఈ ప్రశ్ననే పెద్ద కర్మాగారాల ముందు పెట్టినవాడు ట్రెవర్ క్లెట్జ్. ఐసీఐ కంపెనీలో భద్రత చూసిన బ్రిటిష్ ఇంజనీర్. 1974లో ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరోలో సైక్లోహెక్సేన్ పొగమంచులా కమ్మి పేలి 28 మంది పోయాక, 1977లో ఒక ఉపన్యాసంలో అసలు దగ్గర లేని పదార్థం కారిపోయే సమస్యే ఉండదన్న అర్థం వచ్చే మాట చెప్పాడు. అప్పటిదాకా ఇంజనీర్లు ప్రమాదాన్ని ఉండనిచ్చి, దాని చుట్టూ వాల్వులు, అలారాలు పేర్చుకుంటూ పోయేవారు.

ఆ మాట ఎంత నిజమో 1984లో భోపాల్ చూపించింది. అక్కడ కారిన విషవాయువు మిథైల్ ఐసోసయనేట్ అమ్మే సరుకు కూడా కాదు. సెవిన్ పురుగుమందు తయారీలో మధ్యలో పుట్టే పదార్థం. దాన్ని టన్నుల కొద్దీ ట్యాంకులో నిలవ ఉంచారు. అవే ముడిసరుకులను మరో వరసలో కలిపితే, ముందు నాఫ్థాల్‌ను ఫాస్జీన్‌తో, తర్వాత మిథైల్ అమీన్‌తో, ఆ విషం పుట్టకుండానే సెవిన్ తయారవుతుంది. ఫాస్జీన్ విషం మాత్రం అలాగే ఉంటుంది, దానికి వేరే లెక్క చూసుకోవాలి. ఒక ప్రమాదాన్ని తీసేటప్పుడు మరొకటి ఎటు కదులుతోందో చూడకపోతే పని సగమే అవుతుంది. ట్యాంకు చిన్నది చేస్తే రోడ్డు మీద ట్యాంకర్ల రాకపోకలు పెరగవచ్చు. ఆ దారిలోని ఊళ్ల వాళ్లను కూడా లెక్కలో వేసుకోవాలి.

నువ్వు వెళ్లే విశాఖలోనే, 2020 మే 7 తెల్లవారుజామున, ఆర్.ఆర్. వెంకటాపురం పక్కన ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదకొచ్చింది. 12 మంది చనిపోయారు. స్టైరీన్ వేడెక్కితే తనంతట తానే గొలుసులు కట్టుకుంటూ ఇంకా వేడెక్కుతుంది. చల్లదనం, నిరోధక రసాయనం రెండూ సరిగ్గా ఉంటేనే కుదురుగా ఉంటుంది. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగినా ట్యాంకులో సరుకు దండిగానే ఉంది. ఉత్పత్తి లేని రోజుల్లో అంత సరుకు పెట్టుకుని ఉండాలా అన్నది కాగితం మీదే తేలాల్సిన విషయం.

కాబట్టి ఆఫీసులో చేరగానే నీ ముందుకొచ్చే మొదటి ఫ్లోషీట్‌లో అన్నిటికన్నా పెద్ద ట్యాంకు ఏదో చూడు. అందులోని సరుకు ఎన్ని రోజుల ఉత్పత్తికి సరిపోతుందో లెక్క కట్టు. ఆ అంకె ఎవరు, ఎందుకు నిర్ణయించారో సీనియర్లను అడుగు. “ఎప్పటి నుంచో అంతే” అన్న జవాబు వస్తే వినయంగానే మళ్లీ అడుగు. పైపులు వేశాక మార్చడం లక్షల మాట, గీత గీసేటప్పుడైతే రబ్బరు చాలు. లెక్క తేలాక నాకు కూడా రాయి. అమ్మమ్మ వేరుశనగ కడలై మిఠాయి డబ్బా సర్దుతోంది, రైల్లో మరిచిపోకు.

ఇట్లు
నీ తాతయ్య