నేల విడిచిన సాము

హైదరాబాదులోని నాంపల్లి, ఆబిడ్సు వీధులలో సాయంకాలమున సంచరించువారిలో తమ కాలము తమదని చెప్పుకొనగలవారు మిక్కిలి అరుదు. కార్యాలయము విడిచినవాడు ఇంటికి కావలసిన సరకులకై బేరమాడుచుండును. అంగడిలో పనిచేయు యువతి కడపటి బేరము ముగియువరకు నిలువుకాళ్ళ మీదనే యుండును. నాంపల్లి స్టేషనులో బండి దిగిన గృహిణి గేటు దాటకమునుపే పిల్లల పరీక్షలను, అత్తగారి మందులను మనస్సున లెక్కించుకొనును. పనులన్నియు తీరిన పిమ్మట మిగులునది మనది కదాయని ఊరడిల్లుదుము గాని, పనులు తీరుట యనునది సంసారమున జరుగునది కాదు. ఏ నడిరేయియో కొంత మిగిలినను దానిని సెల్‌ఫోను హరించును.

ఇందుకు భిన్నమైన మార్గమును ఈ నాంపల్లియే చూచినది. 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము పబ్లిక్ గార్డెన్సు ప్రాంగణమున సాయంకాలపు తరగతులు నడపుచుండగా, పగలెల్ల దస్త్రములతోను పద్దులతోను ప్రొద్దుపుచ్చినవారు లలితసంగీతమో, ధ్వన్యనుకరణమో అభ్యసింప అచటికి చేరెడివారు. తీరిక దొరకి వారు వచ్చిరని నేననుకొనను. తరగతివేళ ముందుగా నిర్ణీతమైయుండుటచే తక్కిన పనులే దాని చుట్టును సర్దుకొన్నవి.

అట్టి నియతమైన గడియను కోరువారికి నేడు నగరమున అందుబాటులోనికి వచ్చిన విద్యలలో ఏరియల్ డాన్స్, అనగా పైకప్పు దూలమునుండి వ్రేలాడు వస్త్రమునో వలయమునో ఆధారముగా గొని అంతరాళమున ఆడు నృత్యము, విశేషించి పేర్కొనదగినది. 1970 దశకమున అమెరికాలో టెర్రీ సెండ్‌గ్రాఫ్ అను నర్తకి నేలకు చేరువగా వ్రేలాడు ట్రపీజుపై నృత్యమును రూపొందించి దీనికి దారితీసినది. అయినను తెలుగువారికి ఇది పరాయి దృశ్యము కాదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణమున శ్రీశైలోత్సవములను వర్ణించుచు, గడలెక్కి ఆడువారిని ఆకసమున నర్తించు దేవతాస్త్రీలతో పోల్చినాడు. అదేతీరు విద్యను ఊరూర ప్రదర్శించి పొట్టపోసికొన్న దొమ్మరి స్త్రీలకు సంఘము చప్పట్ల నిచ్చినది గాని గౌరవము నీయలేదు. నేడు రుసుము చెల్లించి ఆ కౌశలమునకు దగ్గరిదానిని నేర్చుకొనువారు ఆ ఋణమును తలచుకొనుట న్యాయము.

ఈ సాధన నాకింతగా రుచించుటకు కారణము దాని శోభ కాదు, మనస్సును అది పట్టియుంచు తీరు. ప్రారంభమున నేర్పు ఆరోహణమునే చూడుడు: సాగుడుగల నైలాను వస్త్రమును ఒక పాదముపైగా చుట్టి, రెండవ పాదముతో దానిని గట్టిగా నొక్కిపట్టి, మడచిన మోకాళ్ళను చాచి లేచి నిలిచి, ఒక చేతి తరువాత నొక చేతిని పైకి మార్చుకొనవలెను. చూచుటకు సులభము, కాని పాదముల పట్టు వ్రేలెడంత సడలినచో భారమంతయు పిడికిళ్ళపై పడి, ముంజేతులు బిగిసి, వ్రేళ్ళు తమంత తామే విచ్చుకొనును. మోకాలి వెనుక వస్త్రము ఒరసినచోట చర్మము ఎఱ్ఱనై మండును. అట్టి క్షణమున రేపటి పనిని గూర్చి చింతింప మనస్సునకు తావెక్కడిది? తోటలో నడచువాని కాళ్ళు తోటలోనుండగా తలంపులు కార్యాలయముననే తిరుగాడవచ్చును. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, ఫోనును పట్టుకొనుటకు మూడవ చేయియు లేదు. విశ్రాంతియని మనము పిలుచు గంటలలో పెక్కింటికంటె ఈ శ్రమగంటయే నిజముగా మనదగుట ఇందువలననే.

అయితే ఇది ఉత్సాహము పుట్టిన దినమున మాత్రమే చేయదగిన పని కాదు. కండరములు కొన్ని వారములలో బలపడును గాని, వానిని ఎముకలకు బంధించు స్నాయువులు అంతకంటె నెమ్మదిగా గట్టిపడును. కావున నెలకొకమారు మూడుగంటలు పెనగులాడుటకంటె వారమునకు రెండుమారులు గంటచొప్పున, నడుమ విరామమిచ్చి, సాగించుట క్షేమకరము. క్రింద మందమైన పరుపు, ప్రక్కన అనుభవజ్ఞుడైన గురువు, పైన భారమునకు పరీక్షింపబడిన దూలము తప్పక ఉండవలెను. జారుటయు ఆగుటయు జరుగునప్పుడు పైకొక్కెముపై పడు ఒత్తిడి దేహభారమునకు పలురెట్లుండును గనుక, ఇంటి ఫ్యాను కొక్కెమునకు వస్త్రమును కట్టుట ప్రాణాపాయము.

నలుబది దాటిన స్త్రీ ఈ తరగతిలో చేరెదనన్నచో ఇంటిలో మొదట వినబడునది “నేల విడిచి సాము చేయకమ్మా” అను పెద్దల మాట. వారి భయమును తేలికగా త్రోసివేయరాదు. ఒకనాడు వారిని వెంటబెట్టుకొని పోయి, ఆ పరుపును, ఆ గురువును చూపుట మేలు. భయము తీరిన పిమ్మట నిలుచునది వేళనుగూర్చిన ప్రశ్న. దానిని మొగమాటముతో దాటవేయక, మంగళ శుక్రవారములందు సాయంకాలము ఆరుమొదలు ఏడువరకు నేనింట నుండనని ముందుగానే చెప్పి, ఆ రెండు రాత్రుల వంట ఎవరిదో అప్పుడే తేల్చుకొనవలెను. భర్తయో, ఎదిగిన కుమారుడో బియ్యము కడిగి కుక్కరు పెట్టుటకు ఒప్పుకొన్న తరువాతనే రుసుము కట్టుట మంచిది. లేనిచో రెండవ వారముననే ఇల్లు ఆమెను వెనుకకు పిలుచును.